కాల్క్యులస్ 2: పూర్తి సెమిస్టర్‌లోనా, సెలవుల షార్ట్ టర్మ్‌లోనా, ఆన్‌లైన్‌లోనా?

కాల్క్యులస్ 1 గట్టెక్కింది, రెండోదానికి రిజిస్టర్ చేసుకోవాలి. జాబితా తెరిస్తే పూర్తి సెమిస్టర్ సెక్షన్ ఒకటి, సెలవుల్లో ఆరు వారాల షార్ట్ టర్మ్ ఒకటి, ఆన్‌లైన్‌ది ఒకటి కనబడతాయి, పాత పరీక్ష మార్కులు చూపించి అసలు కోర్సే చేయకుండా దాటేసే దారి కూడా కొందరికి ఉంటుంది. ఏది తీసుకోమంటారు అని నన్ను అడిగినవాళ్ళని నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను, మొదటి కోర్సులో గ్రేడ్ ఎంత అని కాదు, ఇప్పుడు పుస్తకం తెరవకుండా సైన్ స్క్వేర్‌ని డబుల్ యాంగిల్‌లోకి మార్చగలవా, కలిసిపోయిన భిన్నాన్ని రెండుగా విడదీయగలవా, చైన్ రూల్ తడుముకోకుండా చేయగలవా అని. గ్రేడ్ మూడు నెలల కిందటి సంగతి, చెయ్యి తిరిగి ఉందా లేదా అన్నది ఇవాల్టి సంగతి, సెక్షన్ ఎంచుకునేది ఈ రెండోదాన్ని బట్టే.

నేను ఈ కోర్సు రెండుసార్లు తీసుకున్నాను, ఆ తర్వాత కొన్నేళ్ళు జూనియర్లకు చెప్పాను. మొదటిసారి ఆరు వారాల టర్మ్‌లో చేరి మధ్యలో వదిలేశాను, రెండోసారి పూర్తి సెమిస్టర్‌లో చేసి బాగా పాసయ్యాను. కాబట్టి నా మొగ్గు ఎటువైపో ముందే చెప్పేస్తున్నాను, చాలామందికి పూర్తి సెమిస్టరే మంచిది. కానీ "చాలామందికి" అంటే అందరికీ కాదు, మీరు ఆ మిగతావాళ్ళలో ఉన్నారేమో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఈ కోర్సు ఎందుకు కష్టమో అర్థమైతే ఎంపిక సగం తేలిపోతుంది. మొదటి కోర్సులో డిఫరెన్షియేషన్‌కి ఒక పద్ధతి ఉంటుంది, ఎంత పెద్ద ఫంక్షన్ ఇచ్చినా రూల్స్ వరసగా వాడుకుంటూ పోతే జవాబు వచ్చి తీరుతుంది. ఇంటిగ్రేషన్ అలా కాదు. ఒక చిన్న ఉదాహరణ చూడండి: పైన 1, కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ 4 ఉన్న భిన్నం. దీన్ని ఇంటిగ్రేట్ చేస్తే టాన్ ఇన్వర్స్ వస్తుంది. పైన 1 తీసేసి ఎక్స్ పెట్టండి, ఇప్పుడు మామూలు సబ్‌స్టిట్యూషన్ చాలు, లాగ్ వస్తుంది. పైన ఎక్స్ స్క్వేర్ పెట్టండి, ముందు భాగహారం చేయకపోతే ముందుకు కదలదు. మళ్ళీ పైన 1 పెట్టి కింద ప్లస్ బదులు మైనస్ పెట్టండి, ఈసారి పాక్షిక భిన్నాలు. ఆఖరుకి భిన్నమే తీసేసి ఎక్స్ స్క్వేర్ ప్లస్ 4 మీద వర్గమూలం పెట్టండి, ఎక్స్ బదులు 2 టాన్ థీటా రాయాలి, అక్కడ సెక్ క్యూబ్ ఎదురవుతుంది, దానికి మళ్ళీ బై పార్ట్స్ (ఒక గుణకారాన్ని రెండు భాగాలుగా తీసుకుని ఇంటిగ్రేట్ చేసే పద్ధతి) కావాలి. అయిదూ చూడటానికి ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి, దారులు మాత్రం అయిదు.

పరీక్షలో ఏ లెక్క పక్కనా "ఇది పాక్షిక భిన్నాలతో చేయండి" అని రాసి ఉండదు. క్లాసులో ఒక్కో పద్ధతి విడివిడిగా నేర్చుకున్నప్పుడు అన్నీ వచ్చేశాయనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజు హోంవర్క్‌లో ఉన్న లెక్కలన్నీ ఆ పద్ధతివే. అన్నీ కలిపి ఇచ్చినప్పుడు కదా అసలు సంగతి తెలిసేది. చూడగానే ఇది ఫలానా దారి అని తట్టే నేర్పు ఒక్క రాత్రిలో రాదు, కొన్ని లెక్కలు తప్పుదారిలో సగం పేజీ వెళ్ళి, వెనక్కి వచ్చి, మర్నాడు మళ్ళీ చేసి, పది రోజుల తర్వాత ఇంకోసారి చేస్తే వస్తుంది. అందుకే సెక్షన్లను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది ఒక పాఠానికీ దాని పరీక్షకీ మధ్య ఎన్ని రోజులు దొరుకుతాయి అన్నది. ఫీజు, టైమింగ్, ప్రొఫెసర్ పేరు అన్నీ దాని తర్వాతే.

పూర్తి సెమిస్టర్ సంగతి

పదిహేను వారాలు, వారానికి 4 గంటల క్లాసు, ఇంట్లో దానికి రెట్టింపు 8 గంటలు అనుకుందాం. వారానికి 12, మొత్తం 180 గంటలు. దీన్ని కాలేజీవాళ్ళు చెప్పే మర్యాదపూర్వకమైన అంచనా అనుకోకండి, ఈ కోర్సులో నిజంగానే అంత పడుతుంది.

ఇందులో ఉన్న లాభం గంటల్లో కన్నా పాఠాలు మళ్ళీ మళ్ళీ ఎదురవడంలో ఉంది. మూడో వారంలో నేర్చుకున్న బై పార్ట్స్ మిడ్‌టర్మ్‌లో ఒకసారి వస్తుంది, ఆ తర్వాత హద్దు ఇన్ఫినిటీ దాకా వెళ్ళే ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్‌లో వస్తుంది, ఇంకో నెల తర్వాత సిరీస్‌లో, అంటే అంతులేని కూడికల్లో, ఇంటిగ్రల్ టెస్ట్ చేసేటప్పుడు మళ్ళీ వస్తుంది. మరిచిపోయే సమయం, గుర్తు తెచ్చుకునే సమయం రెండూ దొరుకుతాయి. మరిచిపోయి గుర్తు తెచ్చుకున్నదే నిలుస్తుంది, ఇది నేను చెప్పిన ప్రతి విద్యార్థిలోనూ చూశాను.

నష్టం కూడా ఉంది. పక్కన ఇంకో మూడు నాలుగు కోర్సులు ఉంటాయి, అన్ని మిడ్‌టర్మ్‌లూ ఒకే వారంలో వచ్చి పడతాయి, అప్పుడు రోజూ చేయాల్సిన లెక్కలే మొదట వెనక్కి పోతాయి. ల్యాబ్ రిపోర్టులు రాయాల్సిన కోర్సులు రెండు, ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులున్న కోర్సు ఒకటి పెట్టుకుని వాటి పక్కన దీన్ని పెడితే పూర్తి సెమిస్టర్ ఇచ్చిన సమయమంతా అవే తినేస్తాయి. దీని పక్కన కనీసం ఒక తేలిక కోర్సు ఉండేలా చూసుకోండి.

ఆరు వారాల టర్మ్

అవే 180 గంటలను ఆరుతో భాగించండి. వారానికి 30 గంటలు. ఎనిమిది వారాల టర్మ్ అయితే ఇరవై రెండున్నర. వారానికి 20 గంటల ఉద్యోగం కూడా చేస్తూ ఆరు వారాలది తీసుకుంటే వారానికి 50 గంటలైంది, ఒకటి రెండు వారాలు లాగొచ్చు, ఆరూ లాగడం చాలా కష్టం.

కానీ నన్ను ముంచింది గంటల లెక్క కాదు. ఆ సెలవుల్లో నాకు వేరే పనేమీ లేదు, రోజంతా దానికే ఇచ్చాను. సెమిస్టర్‌లో ఒక వారం చెప్పే పాఠం ఇక్కడ రెండు రోజుల్లో అయిపోతుంది, సోమవారం మొదలుపెట్టిన టాపిక్ మంగళవారంతో ముగుస్తుంది, బుధవారం దాని మీద కట్టే ఇంకో టాపిక్. మూడు రోజులు జ్వరం వస్తే వారంన్నర పాఠం పోయినట్టే. నాకు జ్వరం రాలేదు, మూడో వారం దాకా మార్కులు బాగానే వచ్చాయి. నాలుగో వారంలో సిరీస్ మొదలైంది, అక్కడ ఆగిపోయాను. చేసిన గంటలు తక్కువై కాదు, ఆ టాపిక్ బుర్రలో కుదురుకోవడానికి రోజులు దొరకలేదు.

సిరీస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎంపిక తప్పినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 1 ప్లస్ 1 బై 2 ప్లస్ 1 బై 3 ప్లస్ 1 బై 4 అని కూడుతూ పోండి. కలిపే ముక్క చిన్నదవుతూ సున్నాకి దగ్గరవుతుంది కాబట్టి మొత్తం ఎక్కడో ఆగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మొత్తం 5 దాటడానికి 83 పదాలు కావాలి, 10 దాటడానికి 12,367 పదాలు కావాలి, అంత నెమ్మదిగా పెరుగుతుంది, అయినా ఎక్కడా ఆగదు. 14వ శతాబ్దంలోనే ఫ్రాన్స్ పండితుడు నికోల్ ఒరేమ్ దీన్ని నిరూపించాడు, పదాలను గుంపులుగా కట్టి ఒక్కో గుంపు మొత్తమూ 1 బై 2 కన్నా తగ్గదని చూపించాడు. అదే కింద వర్గాలు పెట్టి 1 ప్లస్ 1 బై 4 ప్లస్ 1 బై 9 అని కూడితే మొత్తం ఆగుతుంది. ఎక్కడ ఆగుతుంది అన్నది వేరే ప్రశ్న. 1650లో ఇటలీ గణితవేత్త పియెత్రో మెంగోలీ అడిగిన ఆ ప్రశ్నకు పై స్క్వేర్ బై 6 అని 1734లో ఆయిలర్ చెప్పేదాకా జవాబు లేదు. కోర్సులో మనల్ని ఎక్కువగా అడిగేది ఆగుతుందా లేదా అనే, ఎంత అని కాదు, ఈ రెండు ప్రశ్నలూ వేరువేరని మనసుకి పట్టడానికే చాలామందికి ఒక వారం పడుతుంది. ఆ వారం షార్ట్ టర్మ్‌లో లేదు.

దాని మీద టెస్టులు, అంటే సిరీస్ ఆగుతుందో లేదో తేల్చే పద్ధతులు. ఫ్యాక్టోరియల్ కనబడితే పక్కపక్క పదాల నిష్పత్తి చూసే రేషియో టెస్ట్, గుర్తులు మారుతూ ఉంటే ఆల్టర్నేటింగ్ టెస్ట్, పైనా కిందా పాలినోమియల్స్ ఉంటే పెద్ద ఘాతాలు చూసి పోల్చడం. ఇంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత రేషియో టెస్ట్ ఇష్టమైపోయి అన్నిటికీ అదే వాడతారు, 1 బై ఎన్‌కి వాడితే లిమిట్ 1 వస్తుంది, 1 బై ఎన్ స్క్వేర్‌కి వాడినా 1 వస్తుంది, ఒకటి ఆగనిది, ఒకటి ఆగేది, టెస్ట్ మాత్రం రెండింటి గురించీ ఏమీ చెప్పదు. పైన 1, కింద ఎన్ ఇంటూ లాగ్ ఎన్ ఉన్నది ఆగదు, అదే లాగ్‌కి స్క్వేర్ పెడితే ఆగుతుంది. ఇలాంటి తేడాలు నలభై యాభై లెక్కలు కలగాపులగంగా చేస్తే తప్ప పట్టుబడవు.

అయితే షార్ట్ టర్మ్ ఎవరికి? నా దగ్గరకు వచ్చినవాళ్ళలో దీన్ని బాగా చేసినవాళ్ళు రెండు రకాలు. హైస్కూల్లోనే ఇంటిగ్రేషన్ పద్ధతులు గట్టిగా చేసి వచ్చి, ఇక్కడ సిరీస్ మాత్రమే కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒక రకం. ఒకసారి పూర్తి సెమిస్టర్ చేసి గ్రేడ్ చాలక మళ్ళీ తీసుకునేవాళ్ళు ఇంకో రకం, వాళ్ళకి పాఠం పాతదే, సాధన చాలు, ఆరు వారాలు ఒకే సబ్జెక్టు మీద కూర్చోవడం వాళ్ళకి నిజంగా మేలు చేస్తుంది. ఈ రెండు రకాల్లో మీరు లేకపోతే, "ఒక సెమిస్టర్ ముందుకెళ్ళొచ్చు" అనే ఆశ ఒక్కటే కారణమైతే, దయచేసి వద్దు. వదిలేసి మళ్ళీ తీసుకుంటే కలిసొచ్చేదేమీ లేదు, ఫీజు రెండోసారి కట్టాలి, టెన్షన్ అదనం.

ఆన్‌లైన్

ఇక్కడ సమయం ఉంటుంది, కానీ మీ పేజీ చూసేవాళ్ళు ఉండరు. ఆన్‌లైన్ హోంవర్క్ సిస్టమ్‌లు సాధారణంగా ఆఖరి జవాబునే చూస్తాయి. మైనస్ గుర్తు ఒకటి పొరపాటైనా తప్పే, అసలు పద్ధతే తెలియకపోయినా తప్పే, రెండింటికీ ఒకే ఎర్ర గుర్తు. మరో ప్రయత్నం నొక్కి గుర్తు మార్చి చూస్తే పచ్చగా మారుతుంది, ఏం నేర్చుకున్నామో తెలియకుండానే లెక్క అయిపోతుంది. పరీక్ష మాత్రం చాలాచోట్ల కాగితం మీదే ఉంటుంది, అక్కడ సగం మార్కులు స్టెప్పులకు. సిరీస్ లెక్కలో "కన్వర్జ్ అవుతుంది" (మొత్తం ఆగుతుంది) అని రాస్తే చాలదు, ఏ టెస్ట్ వాడారు, దాని షరతులు ఇక్కడ ఎలా సరిపోయాయి అని వాక్యాల్లో రాయాలి, ఆ రాత సాధన ఆన్‌లైన్ హోంవర్క్‌లో దాదాపు ఉండదు.

వీడియోల వల్ల ఇంకో ఇబ్బంది. ఎదుటివాళ్ళు చకచకా చేస్తుంటే మనకీ వచ్చినట్టే ఉంటుంది. వీడియో ఆపి, లెక్క కాగితం మీద పూర్తిగా చేసి, అప్పుడు మిగతాది చూసే క్రమశిక్షణ మీకుంటే ఆన్‌లైన్ బాగా పనికొస్తుంది, ముఖ్యంగా ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి, చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇంకో దారి ఉండదు కూడా. అలాంటివాళ్ళు వారానికి ఒక్కసారైనా ఎవరికో ఒకరికి మీరు రాసిన పేజీలు చూపించండి, ట్యూటరింగ్ సెంటర్ ఉంటే అక్కడ, లేకపోతే పై క్లాసు స్నేహితులకి. ఇది ఒక్కటి చేసినవాళ్ళకీ చేయనివాళ్ళకీ ఫైనల్లో తేడా నాకు స్పష్టంగా కనబడింది.

ఆన్‌లైన్ కోర్సు వేరు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే పాఠాలు వేరు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో 18.01 అనే కోర్సు లెక్చర్లు, పరీక్ష పేపర్లు, జవాబులతో సహా ఉన్నాయి, ఖాన్ అకాడమీలో చిన్న చిన్న వీడియోలున్నాయి. మీరు ఏ సెక్షన్ తీసుకున్నా వీటిని పక్కన పెట్టుకోండి, అయితే వీటి కోసం ఆన్‌లైన్ సెక్షన్లోనే చేరక్కర్లేదు.

కోర్సు దాటేయడం

పాత పరీక్ష మార్కులతో క్రెడిట్ వచ్చే అవకాశం ఉంటే తీసుకోవాలా వద్దా అన్నది చాలామంది డబ్బు లెక్కతో తేలుస్తారు. నేనైతే తర్వాత ఏ కోర్సులున్నాయో చూడమంటాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో పవర్ సిరీస్ మళ్ళీ వస్తుంది, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ విప్పాలంటే పాక్షిక భిన్నాలు కావాలి, ఫోరియర్ సిరీస్‌లో బై పార్ట్స్, సైన్ కాస్ గుణకారాల ఇంటిగ్రల్స్ ఊపిరాడనివ్వవు. మల్టీవేరియబుల్లో డబుల్ ఇంటిగ్రల్ చివరికి ఒకదాని తర్వాత ఒకటి చేసే రెండు మామూలు ఇంటిగ్రల్సే. e పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ లాంటి ఫంక్షన్‌కి మనకు తెలిసిన ఫంక్షన్లలో ఇంటిగ్రల్ లేదు, దాన్ని టేలర్ సిరీస్‌గా (ఎక్స్ ఘాతాల అంతులేని కూడికగా) రాసి పదం పదం ఇంటిగ్రేట్ చేయాలి, స్టాటిస్టిక్స్ వైపు వెళ్ళేవాళ్ళకి ఈ ఫంక్షన్ రోజూ కనబడుతుంది.

కాబట్టి మీ గణిత శాఖలో ఈ కోర్సు పాత ఫైనల్ పేపర్ ఒకటి సంపాదించి, గడియారం పెట్టుకుని, ఫోన్ వేరే గదిలో పెట్టి రాయండి. నూటికి ఎనభై దాకా వస్తే నిశ్చింతగా దాటేయండి, మళ్ళీ చదివితే విసుగు తప్ప ఒరిగేదేమీ లేదు. అరవై దగ్గర ఆగితే, అదీ సిరీస్ లెక్కల దగ్గరే ఆగితే, క్రెడిట్ తీసుకుని ఆ ఒక్క భాగాన్ని సెలవుల్లో సొంతంగా చదువుకోవచ్చు. దానికన్నా తక్కువైతే కోర్సు తీసుకోండి, క్రెడిట్ వదులుకోవడం బాధగానే ఉంటుంది కానీ తర్వాత వచ్చే రెండు మూడు కోర్సుల్లో ప్రతిచోటా ఇదే వెనక్కి లాగుతుంది. ఈ అంకెలు నా అనుభవంలోంచి వచ్చినవి, అటూ ఇటూ జరుపుకోవచ్చు.

వెంటనే తీసుకోవాలా, ఒక టర్మ్ ఆగాలా అంటే, వెంటనే. మొదటి కోర్సులో బొటాబొటీగా పాసైనవాళ్ళు మాత్రం ఆగొచ్చు, అదీ ఆ ఖాళీలో ఆల్జీబ్రా, ట్రిగ్ నిజంగా చేస్తేనే. ఊరికే ఆగితే ఉన్నదీ పోతుంది.

ఒకే రకం సెక్షన్లు రెండున్నప్పుడు ప్రొఫెసర్ మంచివాడా అని అడిగేకన్నా పాత సిలబస్ తీసి మూడు విషయాలు చూడండి. సిరీస్ ఎన్నో వారంలో మొదలవుతుంది? ఆఖరి మూడు వారాలకు నెట్టేసిన సెక్షన్ కన్నా మధ్యలోనే మొదలుపెట్టి వాల్యూములు, పోలార్ కోఆర్డినేట్లు లాంటివి చివర్లో చెప్పే సెక్షన్ నాకు నచ్చుతుంది. ఫార్ములా షీట్ ఇస్తారా? పరీక్షలు ఎన్ని? రెండు పెద్ద పరీక్షల కన్నా చిన్న చిన్న క్విజ్‌లు ఎక్కువున్నది మేలు, ఎక్కడ ఆగిపోతున్నారో ముందే బయటపడుతుంది. దాంతోపాటు గ్రేడ్ మీద పడకుండా కోర్సు వదులుకునే ఆఖరి తేదీ ఎప్పుడో రాసి పెట్టుకోండి, మొదటి మిడ్‌టర్మ్ మార్కులు ఆ తేదీకి ముందు చేతికొస్తాయో లేదో కనుక్కోండి. నేను మొదటిసారి ఆ తేదీకి రెండు రోజుల ముందు వదిలేశాను, అప్పుడు ఏడుపొచ్చింది, ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అంటాను.

ఇదంతా చదివాక కూడా మీకు షార్ట్ టర్మ్ తప్ప దారి లేకపోవచ్చు, గ్రాడ్యుయేషన్ తేదీ, స్కాలర్‌షిప్ షరతు, వీసా లాంటి కారణాలతో. అలాంటప్పుడు క్లాసు మొదలవడానికి ముందు రెండు మూడు వారాలు దొరుకుతాయి కదా, వాటిని వాడుకోండి. మొదటి అధ్యాయం నుంచి కాకుండా సిరీస్ నుంచి మొదలుపెట్టండి. ఇంటిగ్రేషన్ పద్ధతులు క్లాసు వేగంలో కూడా ఎలాగోలా పట్టుకోవచ్చు, సిరీస్‌కే రోజులు కావాలి, ఆ రోజులు మీ చేతిలో ఉన్నది ఇప్పుడే. ఇన్ఫినిటీ దగ్గర లిమిట్లు, జామెట్రిక్ సిరీస్, ఆ 1 బై ఎన్, 1 బై ఎన్ స్క్వేర్ తేడా, పోల్చి చూసే టెస్టులు, ఇంతవరకు రోజుకి గంట చొప్పున చేసి పెట్టుకోండి. రేషియో టెస్ట్ జోలికి అప్పుడే పోకండి, దాన్ని ముందు నేర్చుకున్నవాళ్ళు మిగతావి నేర్చుకోరు.